రెండో కుర్చీ

పాకాల చెరువు,
ఏప్రిల్ 7.

వదినకు, స్వరూప దండాలు.

క్షేమంగా చేరాను. నర్సంపేటలో బస్సు దిగి రోలర్లు, సిరా డబ్బాలు, కాగితాల కట్ట, నా బట్టల సంచీ ఆటోలో ఎక్కిస్తుంటే, "పెండ్లి సామానా అక్కా?" అన్నాడు ఆటో అతను. "కాదన్నా, విడాకులై నాలుగేండ్లయింది" అందామని నోటిదాకా వచ్చింది. నీ తమ్ముడి పరువు కాపాడి ఊరుకున్నాను.

వీరరాఘవరావు గారి ఇల్లు మనం అనుకున్నంత చిన్నదేం కాదు. ఆయన నీటిపారుదల శాఖలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఈ చెరువు చుట్టూ తిరిగి, రిటైరయ్యాక ఇక్కడే కట్టుకున్నాడట. రెండు గదులు, పెంకుల కప్పు, ముందు పొడుగాటి వరండా. మెట్లు దిగితే ఇరవై అడుగుల్లో నీళ్ళు. ఎండాకాలం ఆయన కూతురింట్లో ఉంటాడు కాబట్టి జూన్ దాకా ఇల్లు మనదే. మొక్కలకు నీళ్ళు పోయమన్నాడు, అంతే షరతు.

ఇక్కడ ఫోన్ పలకదు. కట్ట మీద మలుపుదాకా నడిస్తే ఒక గీత వస్తుంది, మనం హలో అనేలోపు పోతుంది. అందుకని ఉత్తరాలే. మన అలవాటు తప్పకుండా పాత ప్రూఫ్ అచ్చు వెనకే రాస్తున్నాను, తిప్పి చూస్తే నువ్వు చెక్కిన నారాయణగూడ చౌరస్తా కనిపిస్తుంది, సిరా ఎక్కువై సగం ముద్దయిపోయినది. పదహారేళ్ళుగా మన ఇంట్లో ఉత్తరమే కాదు, సరుకుల చిట్టీ కూడా తెల్లకాగితం మీద రాసింది లేదు.

అసలు సంగతి చెప్తాను. నిన్న పొద్దున పెన్సిల్ పట్టాను. నాలుగేళ్ళు హిమాయత్‌నగర్ షాపువాళ్ళకు కంప్యూటర్ మీద పెళ్ళికార్డులు దిద్దిన చెయ్యి కదా, మొదట కలశమూ కొబ్బరికాయే వచ్చాయి. తర్వాత ఎదురుగా ఉన్న గుట్ట వచ్చింది. గుట్ట కింద నీళ్ళు వచ్చాయి. వదినా, ఏడ్చాను. ఇంక నాకు గీత రాదనుకున్నాను. నువ్వు మెడ మీద కూర్చుని ఇక్కడికి తరమకపోతే నిజంగానే వచ్చేది కాదు.

కమలవ్వ అని, ఇల్లు చూసుకునే ఆమె, వంట చేసి పెడుతోంది. వరండాలో రెండు నవారు కుర్చీలు వేసి పెట్టాను. "ఒక్కదానివే ఉంటివి, రెండెందుకు బిడ్డా?" అని అడిగింది. రెండోది మా వదినది, బడికి సెలవులిస్తే మే మొదటివారంలో వస్తుంది, నీ చేపల పులుసు ఖాళీ చేస్తుంది అని చెప్పాను. మాట నిలబెట్టు.

మూడు బొమ్మలు పంపుతున్నాను. లినో పలకల మీద చెక్కి పంపించు.

నీ
స్వరూప

*

చిక్కడపల్లి,
ఏప్రిల్ 16.

మరదలు పిల్లా,

నీ బొమ్మలు చూశాను. మూడో దాంట్లో పడవ నీళ్ళ మీద ఉందా, గాల్లో ఉందా? సరే, నేను కిందికి దించాను. చెక్కేవాళ్ళు గీసేవాళ్ళ తప్పులు కడుపులో దాచుకోవాలని పెద్దలు చెప్పారు. ఏ పెద్దలని అడక్కు.

ఈ ఎండలు ఒకందుకు మంచివి. లినో పలకను మేడ మీద పది నిమిషాలు పెడితే చాలు, మైసూర్‌పాక్‌లా మెత్తబడి ఉలి దానంతటదే పోతోంది. కింద వీధిలో మాత్రం ఎవరికీ ఎండ పట్టినట్టు లేదు. ఏదో పరీక్ష తేదీ మారిందట. అశోక్‌నగర్ హాస్టళ్ళ పిల్లలంతా లైబ్రరీ ముందు చేరి పొద్దుటి నుంచి మాట్లాడుకుంటూనే ఉన్నారు. "గిట్లయితే ఎట్ల చదవాలె అక్కా?" అని మన కింది గది మనీష నన్ను నిలదీసింది, నేనే తేదీ మార్చినట్టు. సత్తుపిండి ముద్ద ఒకటి చేతిలో పెట్టి శాంతింపజేశాను.

నీ మాజీ మొగుడు, నా ప్రస్తుత తమ్ముడు జగదీశ్వర్ వచ్చి వెళ్ళాడు. ఊరికేనే. నువ్వు ఎలా ఉన్నావని అడిగాడు. గీస్తోందిరా అని చెప్పాను. "మంచిగైంది అక్కా" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు స్వరూపా, తనకేం కావాలో చెప్పడం చేతకానివాడు. నీ ముందు వాడిని వెనకేసుకు రానని ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

నిన్న చేతిలోంచి కప్పు జారి పగిలింది, నీకిష్టమైన నీలం పూలది. తిట్టు ఏదైనా ఉంటే వచ్చే ఉత్తరంలో క్లుప్తంగా రాయి.

మన ఒప్పందం గుర్తుందిగా? గీత నీది, చెక్కడం నాది, అద్దడం నీది. నీ రంగు జోలికి నేను రాను, నా ఉలి జోలికి నువ్వు రావు. నీళ్ళకు నీలం వెయ్యొద్దు అని చెప్పాలని నాలుక దురద పెడుతోంది. చెప్పను.

గీస్తూనే ఉండు. ఆపకు. ఇది మాత్రం సరదాకి అనడం లేదు.

మీ
నాగశ్రీ వదిన

*

పాకాల చెరువు,
మే 1.

వదినా,

మొదటి మూడు పలకలూ బస్సు కార్గోలో నర్సంపేటకు వచ్చాయి. నిన్న తెచ్చుకుని అద్దాను. నీలం వెయ్యలేదు తల్లీ. వరండాలో కూర్చుని నీళ్ళను చూస్తూ రంగు కలిపాను. పొద్దున ఆరింటికి ఈ చెరువు రంగు ఏమిటో తెలుసా? బియ్యం కడిగిన నీళ్ళు. దాంట్లో గుట్ట నీడ ఉన్నచోట కాస్త ఆకుపచ్చ. అంతే వేశాను.

ప్రెస్ లేదు కాబట్టి మన చెక్క గరిటెతోనే వెనకనుంచి రుద్దుతున్నాను. భుజం పడిపోతోంది. కాగితం కొసపట్టి లేపుతుంటే కమలవ్వ పక్కనే నిలబడి చూసింది. "అవ్వో, నీళ్ళు కదులుతున్నయ్ బిడ్డా!" అని కాగితం మీద వేలు పెట్టబోయింది. ఆ కదలిక నా గీతలో లేదు వదినా, నీ ఉలిలో ఉంది. ముఖస్తుతి కాదు, నీకు పొగడ్త పడదని తెలిసే రాస్తున్నాను.

ఒక్కోటి పన్నెండు తీశాను. కింద అంచున పెన్సిల్‌తో ఎడమవైపు అంకె వేశాను, పన్నెండులో ఒకటి, పన్నెండులో రెండు అలా. కుడివైపు పేర్ల జాగా వదిలాను. ముందు చెక్కినవాళ్ళ పేరు, దాని పక్కన అద్దినవాళ్ళ పేరు కదా, నువ్వొచ్చి పెడితేగాని నేను పెట్టేది లేదు. హిమాయత్‌నగర్ గ్యాలరీవాళ్ళకు ఆగస్టులో పది బొమ్మలిస్తామని మాటిచ్చాం, మరిచిపోకు.

బడికి సెలవులిచ్చేసి ఉంటారు. బస్సు ఎప్పుడు ఎక్కుతున్నావు? నీ కుర్చీకి నవారు వదులైతే కమలవ్వతో గట్టిగా లాగించాను. సాయంత్రం నీటికోళ్ళు వస్తాయి, వాటి నడక మీ హెడ్‌మిస్ట్రెస్ నడకే. చూస్తే నవ్వు ఆపుకోలేవు.

ఇంకో ఆరు బొమ్మలు పంపుతున్నాను. రోజుకొకటి వస్తోంది. నాకే నమ్మకంగా లేదు.

స్వరూప

*

చిక్కడపల్లి,
మే 11.

స్వరూపా,

ఉత్తరం టైపు చేయించి పంపుతున్నందుకు ఏమనుకోకు. నా చేతిరాత కోడి కెలికినట్టుందని నువ్వే పదహారేళ్ళుగా అంటున్నావు. లైబ్రరీ వెనక సందులో ఓదెలు అని డీటీపీ షాపతను ఉన్నాడు, నేను చెప్తుంటే కొడుతున్నాడు. అతనికి పోటీ పరీక్షల నోట్సులు తప్ప వేరే అలవాటు లేదు. "మేడం, పాయింట్లు నంబర్లు వేసి కొట్టాల్నా?" అని అడిగాడు. వద్దన్నాను. "నీటికోళ్ళు" దగ్గర ఆగి ఇది ఎన్విరాన్‌మెంటు సబ్జెక్టా అన్నాడు. నా ముందున్న బెంచీ మీద ముగ్గురు పిల్లలు తమ నోట్సు కోసం కూర్చుని మన కబుర్లన్నీ వింటున్నారు. అందుకని కొన్ని మాటలు రాయడం లేదు.

ఈ వారం రాలేను. ఇంటివాళ్ళు పైకప్పు కారుతుందని రిపేరు మొదలుపెట్టారు, ఎవరో ఒకరు ఉండాలి. పైగా పన్ను నొప్పి. మొన్న కట్ట మీదినుంచి ఫోన్ చేసినప్పుడు మాట ముద్దగా వచ్చిందన్నావు, అందుకే. పీకించుకుంటే తగ్గుతుంది.

నాలుగు, ఐదు, ఆరు పలకలు పంపాను. మిగిలిన మూడూ వారంలో వస్తాయి. నువ్వు రోజుకొకటి గీస్తే నేను రోజుకొకటి చెక్కలేను, నీ వదినకు యాభై నాలుగేళ్ళు.

గుట్ట మీద మేఘం గీసినది చాలా బాగుంది. దాన్ని గోడకు అంటించుకుని చూస్తూ పడుకుంటున్నాను.

నాగశ్రీ

*

పాకాల చెరువు,
మే 18.

ప్రభుత్వ ఉత్తర్వు అందింది వదినా,

కింద తహసీల్దారు ముద్ర ఒక్కటే తక్కువ. తెల్లటి ఏ-ఫోర్ కాగితం, నల్లటి అక్షరాలు. వెనక్కి తిప్పితే ప్రూఫ్ లేదు, ఏమీ లేదు, ఖాళీ. మన ఇంటినుంచి వచ్చిన ఉత్తరంలా లేదు. ఇంక ఎప్పుడూ అలా పంపకు. నీ కోడికెలుకుడే నాకు కావాలి.

పన్ను ఇంకా పీకించుకోలేదా? కట్ట మీద ముప్పావు గంట నిలబడి ఫోన్ చేస్తే "బాగున్న, ఉంటా" అని పెట్టేశావు. 

పలకల గురించి ఒక మాట. నాలుగు, ఐదు బాగున్నాయి. ఆరు నుంచి ఏదో తేడాగా ఉంది. ఏడూ ఎనిమిదీ తొమ్మిదీ నాలుగు రోజుల కింద వచ్చాయి. గాడి లోతు లేదు వదినా. రోలర్ తిప్పగానే సిరా గాడిలోకి దిగిపోతోంది, తెల్లగా రావాల్సినచోట మసక వస్తోంది. దూదితో తుడుచుకుంటూ, ఒక్కో కాగితానికీ అరగంట పట్టి, ఎలాగో నెట్టుకొచ్చాను. నీ చేతినుంచి ఇలాంటి పని నేనెప్పుడూ చూడలేదు. ఎండలో పెట్టడం మానేశావా? ఉలి సానబెట్టలేదా?

కోపంగా రాయడం లేదు. కొంచెం బాధగా రాస్తున్నాను. నాలుగేళ్ళ తర్వాత నాకు గీత వచ్చింది. ఎంత భయంభయంగా ఉన్నానో నీకు తెలుసు. ఎవరి మెప్పు కోసమూ కాదు, నువ్వు చూస్తావనే గీస్తున్నాను.

పదోది, ఆఖరి బొమ్మ పంపుతున్నాను. మన వరండా, ముందు చెరువు, రెండు కుర్చీలు. ఒకదాని మీద నా తువ్వాలు వేలాడుతోంది, రెండోది ఖాళీ. ఆ ఖాళీ కుర్చీ నీ మీద ఫిర్యాదు అనుకో. దీన్ని మాత్రం మనసు పెట్టి చెక్కు.

ఇంకా రాలేదేమని కమలవ్వ రోజూ అడుగుతోంది. "మీ వదిన వస్తదా రాదా, చేపలోనికి చెప్పాలె" అంటోంది. నేనేం చెప్పను?

స్వరూప

*

చిక్కడపల్లి,
మే 29.

స్వరూపా,

మళ్ళీ ఓదెలు దగ్గరే. క్షమించు.

పదో పలక ఈ రోజు కార్గోలో వేయించాను. దీనికి ఎనిమిది రోజులు పట్టింది. మనసు పెట్టి చెక్కమన్నావు, పెట్టాను. నీకు నచ్చుతుందో లేదో తెలియదు. నాకు నచ్చింది. నా పని నాకే నచ్చడం చాలా అరుదు కదా, అందుకే చెప్తున్నాను.

నువ్వు చెప్పిన బియ్యం కడిగిన రంగే దీనికీ వెయ్యి.

ఇక్కడ మొదటి వాన పడింది. కాచిగూడ వైపు నుంచి గాలి లేచి మేడ మీద ఆరేసినవన్నీ ఎత్తుకుపోయింది. నీ పసుపుపచ్చ చున్నీ ఎదురింటి నీళ్ళ ట్యాంకు మీద దొరికింది. మనీష ఎక్కి తెచ్చింది.

రాలేనేమో. ఏమనుకోకు.

నాగశ్రీ

*

పాకాల చెరువు,
జూన్ 5.

వదినా,

పలక అందింది. ఇది దాని ప్రూఫ్. కావాలనే దీని వెనక రాస్తున్నాను. ముందు తిప్పి చూడు, చూశాక చదువు.

చూశావా? ఇది నాకు నచ్చింది అని ఎలా రాయగలిగావు? నీళ్ళ గీతలు ఒక్కటి తిన్నగా లేదు. వరండా స్తంభం వంకర. అన్నిటికీ మించి రెండో కుర్చీ. నేను ఖాళీ కుర్చీ గీశాను. నువ్వు దాన్ని చెక్కే ఓపిక లేక నల్లటి ముద్దగా వదిలేశావు. నవారు అల్లిక లేదు, చేతులు లేవు, ఏదో మూట పెట్టినట్టుంది. బడిలో ఆరో తరగతి పిల్లలు చెక్కితే చెవి మెలిపెట్టేదానివి.

ఒక్క ప్రూఫ్ తీశాను. రెండోది తీయబుద్ధి కాలేదు. ఒప్పందం తప్పాను, చెప్తున్నాను విను. రెండు రోజులు కూర్చుని నేనే ఉలి పట్టి సరిచేశాను. నీళ్ళు తిన్నగా తీశాను. ఆ ముద్దను తొలిచి కుర్చీ చేశాను. పన్నెండు కాగితాలూ అద్దాను. శుభ్రంగా, ఎవరూ వేలెత్తి చూపకుండా వచ్చాయి. పదహారేళ్ళలో నీ ఉలి జోలికి రావడం ఇదే మొదలు. నువ్వే తెచ్చుకున్నావు.

ఇంక మనసులో ఉన్నది కూడా చెప్పేస్తాను. మే మొదటివారంలో వస్తానన్నావు, ఈ వారం కాదన్నావు. పైకప్పన్నావు, పన్నన్నావు. నాకు ఉత్తరం రాయడానికి కూడా ఇంకొకరి చేతులు కావాల్సొచ్చాయి. నువ్వు నన్ను ఇక్కడికి తోలింది నా గీత కోసం కాదేమో, నన్ను కొన్నాళ్ళు వదిలించుకోవడానికేమో అనిపిస్తోంది. విడాకుల తర్వాత తమ్ముడి భార్యను ఇంట్లో పెట్టుకున్నావని మీవాళ్ళంతా అన్న మాటలు ఇప్పటికి నీకు తలకెక్కాయా? నీ తమ్ముడూ ఇంతే. మనసెప్పుడో తీసేసుకుని, మనిషి మాత్రం రెండేళ్ళు ఇంట్లో తిరిగాడు. నోరు తెరిచి చెప్పలేదు. మనసు పోయాక చెయ్యి నిలవదు వదినా. నీ చెయ్యి నిలవలేదని ఈ పలక చూస్తేనే తెలుస్తోంది.

నేను ఈ నెల ఇరవైన వస్తాను. వచ్చాక మాట్లాడుకుందాం, మాట్లాడేదేమైనా ఉంటే.

స్వరూప

*

నారాయణగూడ,
జూన్ 11.

స్వరూపా,

నీ సంతకం కింద ఇంత జాగా మిగిలింది. అందులోనే రాస్తున్నాను. తెల్లకాగితం వద్దన్నావుగా.

ఇది ఎడమ చెయ్యి. కోడి కాదు, కోడిపిల్ల కెలికింది. మూడు రోజుల నుంచి రాస్తున్నాను, కొంచెం కొంచెం.

తలలో గడ్డ. ఫిబ్రవరిలో తెలిసింది. ఏప్రిల్ నుంచి కుడిచెయ్యి పట్టు సడలుతూ వచ్చింది. తొమ్మిదో పలక దాకా దాంతోనే ఈడ్చాను. తర్వాత మాట. పన్ను బాగానే ఉంది.

చెప్తే నువ్వు ఆ రోజే బస్సెక్కేదానివి. నాలుగేళ్ళకు వచ్చిన గీత. మళ్ళీ పోతే నేనెక్కడ తెచ్చేది? పది అయ్యాక చెప్దామనుకున్నాను. నా లెక్క తప్పింది. నేను పదితో పాటే అయిపోతున్నాను.

పదోది మొత్తం ఎడమచేత్తో చెక్కాను. పలక జారకుండా జగదీశ్వర్ పట్టుకున్నాడు. వేలు కోసుకున్నాడు. తిట్టకు.

ఆ ముద్ద నేనే.

బస్సులో రాలేను కదా. అందుకని కుర్చీలో కూర్చున్నాను. ముడి వేసిన జుట్టు, చీర. మొహం చెరువు వైపు. వెనకనుంచి కాబట్టి నీకు తెలియలేదు. నేను చెప్పి ఉండాల్సింది. నువ్వే కనిపెట్టి నవ్వుతావనుకున్నాను.

తిట్టినందుకు బాధ లేదు. బొమ్మ బాగాలేదంటే మాత్రం ఒప్పుకోను. తిప్పి మళ్ళీ చూడు. నడుము కాస్త లావొచ్చింది, అంతే.

ఆస్పత్రిలో ఉన్నాను, ఇంటి పక్కదే. వచ్చెయ్.

నాగశ్రీ

*

చిక్కడపల్లి,
జూలై 22.

వదినకు, స్వరూప దండాలు.

నీ ఉత్తరం నర్సంపేటకు జూన్ పద్నాలుగున చేరింది. పోస్టాఫీసు మెట్ల మీదే చదివాను. నా తిట్లు మొదట వచ్చాయి, వాటి కింద నీ అక్షరాలు. నా రాతను పూర్తిగా దాటితేగాని నీ రాత దగ్గరికి చేరుకోలేని కాగితం అది. సామానంతా అక్కడే వదిలేసి హన్మకొండ బస్సెక్కాను.

బస్సులో తిప్పి చూశాను. నువ్వు ఉన్నావు. జుట్టు ముడి, కుడి భుజం కొంచెం కిందికి జారి. మేడ మీద కూర్చుని పలకలు చెక్కేటప్పుడు వెనకనుంచి పదహారేళ్ళు చూసిన వీపు. ఎదురుగా నీళ్ళు, ఆ నీళ్ళు వణుకుతున్నాయి. వంకర కాదు వదినా, పొద్దున ఆరింటికి చెరువు అలాగే ఉంటుంది. రెండు నెలలు దాని ముందు కూర్చున్న నాకు కనపడలేదు. చిక్కడపల్లిలో ఉన్న నీకు కనపడింది. కమలవ్వ దాన్ని చూసి ఉంటే ఒక్క క్షణంలో చెప్పేది. నేను ఆమెకు చూపించనే లేదు, సిగ్గేసి.

ఏం చేశానో నాకు తెలుసు. నువ్వు ఎనిమిది రోజులు కష్టపడి వచ్చి కూర్చున్నావు. నేను రెండు రోజులు కూర్చుని నిన్ను లేపేశాను. మొదట భుజాలు, తర్వాత జుట్టు. నీ వీపులోంచి నవారు అల్లిక తీశాను. ఎంత నాజూగ్గా తీశానో తెలుసా? నా చేతిపనికి నేనే మురిసిపోయాను. తొలిచిన లినో ముక్కలు కమలవ్వ చీపురుతో ఊడ్చి చెరువు ఒడ్డున పోసింది. తిరిగి అతికించడానికి అదేమైనా పగిలిన కప్పా?

నేను ఆస్పత్రికి వచ్చేసరికి నీకు మాట పోయింది. వార్డు బయట నర్సు ఆపి, "మీరు పేషెంట్‌కు ఏమైతరమ్మా?" అని అడిగింది. తమ్ముడి మాజీ భార్యకు పేరేముంది? జగదీశ్వర్ అక్కడే ఉన్నాడు. "మా అక్క మరదలు. గామెనే అక్కకు అన్నీ" అన్నాడు. అతని బొటనవేలికి కట్టు ఉంది.

"నేను చెప్త అన్న స్వరూపా, ఎన్నోసార్లన్న," అన్నాడు. "అక్క చెప్పనియ్యలే. పదో బొమ్మ అచ్చు కానియ్, అప్పటిదాంక గా పిల్లను కదిలియ్యకు అన్నది."

చెప్పాల్సింది చెప్పలేనివాడని అతన్ని రెండేళ్ళు తిట్టుకున్నాను. ఈసారి చెప్పకుండా ఉండడం అతనికి ఎంత కష్టమైందో మొహంలో కనిపించింది.

పదకొండు రోజులు నీ పక్కన కూర్చున్నాను. క్షమించమని అడిగాను, నువ్వు విన్నావో లేదో తెలియదు. కళ్ళు తెరిచినప్పుడల్లా నా చేతులకేసి చూసేదానివి. గీస్తున్నానా లేదా అని చూస్తున్నావని అర్థమయ్యేసరికి మూడు రోజులు పట్టింది. అప్పుడు మందుల చీటీ వెనక నీ కిటికీ గీసి చూపించాను, కిటికీ అవతల నారాయణగూడ ఫ్లైఓవర్, దాని మీద ఆగిపోయిన బస్సు. నీ ఎడమచెయ్యి కొంచెం కదిలింది. ఆ తర్వాత రోజూ ఒకటి గీశాను. ఏడ్చుకుంటూ గీశాను. గీత ఆగలేదు వదినా. నువ్వు అంత ఖర్చు పెట్టి కొన్నది ఎలా ఆపుతాను?

నువ్వు పోయి ఇరవై ఏడు రోజులు.

ఈ ఉత్తరం ఏ కాగితం వెనక రాస్తున్నానో తిప్పి చూడు. పదో బొమ్మ, పన్నెండులో ఒకటి. తిన్నని నీళ్ళు, ఖాళీ కుర్చీ, ఎవరూ వేలెత్తి చూపలేనిది. మన ఇంట్లో చెడిపోయిన అచ్చుల వెనకే కదా ఉత్తరాలు రాసేది. ఇలాంటివి ఇంకా పదకొండు ఉన్నాయి. నీకు రాయడానికి కాగితానికి కొదవ లేదు.

గ్యాలరీవాళ్ళకు తొమ్మిది ఇచ్చాను. వాటి మీద నీ సంతకం లేదు, నీ పేరు నేను రాయలేదు. జాగా అలాగే వదిలి, పక్కన నాది పెట్టాను. పదోదానికి నీ దగ్గరినుంచి వచ్చిన ఆ ఒక్క ప్రూఫ్ కాచిగూడ ఫ్రేముల షాపుకు తీసుకెళ్ళాను. ఆయన అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "అక్కా, ఏ దిక్కు కనవడాలె? ఒక దిక్కు బొమ్మున్నది, ఒక దిక్కు కొట్లాటున్నది" అన్నాడు. రెండు దిక్కులా గాజు పెట్టమన్నాను. నా మాటలు గోడకు తిప్పి దాచుకునే హక్కు నాకు లేదు. చదివేవాళ్ళు చదువుతారు.

అప్పుడతను అంచు మీద వేలు పెట్టి, "పేర్లల్ల ఒకటి తక్కువున్నది, సంతకం పెట్టుక రారాదూ, బిగించినంక తియ్యరాదు" అన్నాడు.

బస్సులోనే చూశాను అది. బొమ్మ కింద ఎడమ అంచున, వణికే పెన్సిల్‌తో నువ్వు వేసిన అంకె. ఒకటిలో ఒకటి. నా తిట్లు చదివాక, పలకలోంచి నిన్ను తీసేశానని తెలిశాక, ఇంక ఇలాంటిది ఇంకొకటి రాదని తెలిసి వేసిన అంకె. కుడివైపు నీ పేరు. దాని పక్కన, నా పేరు పట్టేంత జాగా, కొలిచి వదిలినట్టు.

కాగితం ఇంటికి తెచ్చి పది రోజులైంది. రోజూ పొద్దున పెన్సిల్ చెక్కుకుని దాని ముందు కూర్చుంటాను. నీ పక్కన జాగా ఖాళీగానే ఉంది. మొహం చెల్లడం లేదు వదినా.

నీ
స్వరూప